వరాలమ్మ చెంప

అనగనగా, ఏటి ఒడ్డున ఒక కుమ్మరూరు. ఊరంటే ఎంతనుకున్నావు? ఒకటే వీధి. అటు తొమ్మిది ఇళ్ళు, ఇటు తొమ్మిది ఇళ్ళు. వీధి చివర ఒక ఆవం.

ఆవం అంటే కుండలు కాల్చే చోటు. పచ్చి కుండల్ని గుట్టగా పేర్చి, మధ్య మధ్య పిడకలూ కట్టెలూ కూరతారు. పైన గడ్డి కప్పుతారు. ఆ గడ్డి మీద బురద మెత్తుతారు. అప్పుడు కింద నిప్పు పెడతారు. ఎవరికి వాళ్ళు కాల్చుకోవాలంటే అన్ని పిడకలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకని ఊరంతటికీ ఒకటే ఆవం.

అందులో ఒక చిక్కుంది. తడి ఆరని కుండ ఒక్కటి లోపల ఉందా, నిప్పు సెగ తగలగానే ఢామ్మని పేలుతుంది. తను పేలి ఊరుకోదు, పక్కవాటినీ పేలుస్తుంది. ఒక ఇంటివాడు తొందరపడితే పద్దెనిమిది ఇళ్ళవాళ్ళ కష్టం పెంకులైపోతుంది.

ఆ ఊళ్ళో వరాలమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. కుమ్మరుల్లో ఆడవాళ్ళు సారె ముట్టుకోరు. సారె అంటే గిర్రున తిప్పి కుండలు చేసే చక్రం. అందుకని వరాలమ్మ చేత్తోనే మూతలూ, ప్రమిదలూ, పొయ్యిలూ చేసి సంతలో అమ్ముకునేది.

ఆవిడకో విద్య వచ్చు. కుండ ఎత్తి ఎడమ చెంపకి ఆనించుకుందంటే ఆరిందో లేదో చెప్పేసేది. మంత్రమేం కాదులే. తడి ఉన్న కుండ చెంపకి చల్లగా తగులుతుంది. ఆరిన కుండ తగలదు. అరచేత్తో చూడచ్చు కదా అంటావా? మట్టి పిసికి పిసికి కాయలు కాసిన చేతికి ఏం తెలుస్తుంది?

ఆవం పేర్చే రోజు వరాలమ్మ అందరి కుండలూ చెంపకి ఆనించి చూసేది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఏళ్ళ తరబడి అలా జరిగిపోయింది.

ఊరికి పెద్ద బైరాగి. వరాలమ్మకి వరసకి బావగారు. బానలు చేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. అతని చేతి బానల్లో మనిషి దాక్కోవచ్చు, అంత పెద్దవి. అతనికి ఉన్నదొకటే లోపం. ఆరేదాకా ఆగలేడు.

సరే. మాఘమాసంలో ఆవం పేరుస్తున్నారు. వరాలమ్మ ఒక్కో కుండా చూసుకుంటూ వచ్చింది. బైరాగి కుండల్లో మూడు చల్లగా తగిలాయి. నలుగురిలో చెబితే పెద్దమనిషి చిన్నబుచ్చుకుంటాడు. అందుకని ఆవిడ నోరెత్తకుండా ఆ మూడింటినీ తన ఇంటి అరుగు మీద ఎండలో పెట్టింది. ఆరాక ఇచ్చేద్దాం అనుకుంది.

అప్పుడు బైరాగి పెళ్ళాం సూరమ్మ ఆ దారినే వచ్చింది. అరుగు మీద తమ కుండలు చూసింది.

"ఓరి దేవుడో! దొంగముండ మా కుండలు ఎత్తుకుపోయిందర్రో!" అని వీధి వీధంతా వినపడేలా కేక పెట్టింది.

"అక్కా, తడిగా ఉన్నాయని ఆరబెట్టాను..." అంది వరాలమ్మ.

"తడా? మా ఇంటాయన చేతి కుండకి నువ్వు వంక పెడతావా?"

బైరాగికి తెలుసు. తను ముందురోజు సాయంత్రం చేసిన కుండలు అవి. తెలిసి కూడా ఏమన్నాడనుకున్నావు? "దొంగతనానికి ఈ ఊళ్ళో ఏం చేస్తారో అదే చెయ్యండి" అన్నాడు. ఆ మూడు కుండలూ వరాలమ్మ నెత్తిన పెట్టి వీధి అటూ ఇటూ నడిపించారు.

వరాలమ్మ నడుస్తూ ఒక్కో ముఖమూ చూసింది. అందరూ తను చెంప ఆనించి కాపాడిన కుండలవాళ్ళే. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు, "జాగ్రత్త వదినా, పడితే పగులుతాయి" అని నవ్వాడు. వినలేదేమో అనుకుని మళ్ళీ అన్నాడు కూడా.

ఆ తర్వాత ఫాల్గుణం వచ్చింది. మళ్ళీ ఆవం. వరాలమ్మ మళ్ళీ వెళ్ళింది.

ఎందుకు వెళ్ళిందా? పక్కింటి గవరమ్మ కూడా సరిగ్గా అలాగే అడిగింది. "నీకు సిగ్గూ శరం లేదుటే?" అంది.

"సిగ్గుపడాల్సింది నేనా?" అని వరాలమ్మ పైటకొంగు దోపుకుని వెళ్ళింది.

ఈసారి బైరాగి చేసిన నీళ్ళ కాగు ఒకటి చల్లగా తగిలింది. దాచిపెడితే దొంగ అన్నారు కదా అని ఈసారి నలుగురి ముందే చెప్పింది. "బావగారూ, ఈ కాగు ఇంకా పచ్చిగానే ఉంది. పెడితే పేలుతుంది."

బైరాగి ఆ కాగుని ఆవిడ చేతుల్లోంచి లాక్కుని ఆవం నడిమధ్య పెట్టాడు. కావాలనే.

నిప్పు పెట్టిన కాసేపటికి ఆవంలోంచి ఢామ్మని చప్పుడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరసగా, దీపావళి టపాకాయల్లా. మర్నాడు ఆవం విప్పి చూస్తే ఆరిళ్ళవాళ్ళ కుండలు పెంకులు.

ఇప్పుడైనా ఆవిడ చెప్పింది నిజమని ఒప్పుకుని ఉంటారు అనుకుంటున్నావు కదూ? వరాలమ్మ కూడా అలాగే అనుకుంది.

సూరమ్మ రెండు చేతులూ చాపి, "దీని నోరు పడిపోను! పేలుతుంది అంది, పేలింది!" అంది. ఆరిళ్ళవాళ్ళూ తలలు ఊపారు. "అవునవును, అదే అంది, మేం విన్నాం" అన్నారు. బైరాగి ఆ తలలన్నీ ఊగేదాకా ఆగి తీర్పు చెప్పాడు. "ఇక నుంచి వరాలు ఆవం ఛాయలకి రాకూడదు. దాని మూతలూ ప్రమిదలూ కూడా ఆవానికెక్కవు."

పేలుతుందని చెప్పడం, పేల్చడం ఒకటేనా? వరాలమ్మ ఆ ప్రశ్న అడుగుదామంటే అక్కడ ఎవరూ మిగల్లేదు. అందరూ పెంకులు ఏరుకుంటూ వెళ్ళిపోయారు.

అప్పుడావిడ ఇంటి వెనక చిన్న గొయ్యి తవ్వుకుంది. తన మూతలూ ప్రమిదలూ అందులోనే కాల్చుకోవడం మొదలుపెట్టింది. సగం కాలేవి, సగం మాడేవి. రోజులు గడిచాయి.

ఆ తర్వాత చైత్రం. ఆ రోజు సంత. ఊళ్ళోవాళ్ళంతా సంతకి పోయారు. వరాలమ్మకి జ్వరంగా ఉండి ఇంట్లోనే ఉండిపోయింది. వీధి పొడుగునా పచ్చి కుండలు ఆరబెట్టి ఉన్నాయి. చూస్తుండగానే తూర్పున నల్లగా మేఘం పట్టింది. పచ్చి కుండ మీద వాన పడితే ఏమవుతుందో తెలుసుగా? కూర్చున్న చోటే ఒళ్ళు వదిలేసి బురదైపోతుంది.

వరాలమ్మ పరుగెత్తింది. ఆ చివరింటి నుంచి ఈ చివరింటి దాకా, ఒళ్ళు కాలిపోతున్నా లెక్కచేయకుండా, చంకలో ఒకటి, చేతిలో ఒకటి మోసి ఎవరి కుండలు వాళ్ళ ఇంటి పంచలో పెట్టింది. బైరాగి ఇల్లు ఆఖరిది. అతని కుండలూ మోసింది. ఒకటి మిగలకుండా మోసింది. వాన దబదబా పడింది. అప్పుడు గుర్తొచ్చింది, తన మూతలు ఇంకా బయటే ఉన్నాయని. వెళ్ళి చూస్తే నలభై మూతలు ఒకటే ముద్ద.

సాయంత్రం జనం తడుచుకుంటూ పరుగున వచ్చారు. కుండలన్నీ క్షేమంగా పంచల్లో ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నారు. గవరమ్మ సంతోషం పట్టలేక, "వరాలే మోసిందట, జ్వరంతో!" అంది.

కుండలు చూసుకుంటున్న బైరాగి చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఎవరు ముట్టుకున్నారన్నావు?"

ఆ తర్వాత ఏం చేశాడో చెబితే నువ్వు నమ్మవు. చూస్తున్న వరాలమ్మే నమ్మలేదు. అతను తన పంచలోకి వెళ్ళి, తన చేత్తో చేసిన కుండల్ని ఒక్కొక్కటీ వీధిలోకి తెచ్చి కాళ్ళతో తొక్కాడు. పచ్చి కుండలు కదా, చప్పుడు కూడా రాలేదు. మెత్తగా అణిగిపోయాయి. "అది ముట్టుకున్న కుండ నా కుండ కాదు" అని, వరాలమ్మ వైపు తిరిగాడు. "ఇంకొక్క కుండని నువ్వు ముట్టుకున్నావో, ఊరు వదిలి పోవాల్సిందే. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు. అందరూ తమ తమ కుండల్ని మాత్రం లోపలికి సర్దుకున్నారు. ఎవరూ తొక్కలేదు.

ఆ రాత్రి ఆవిడకి కోపం రాలేదా అంటావేమో. ఎందుకు రాదు? అన్నం ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. పుట్టిల్లు ఎప్పుడో పోయింది. ఈ ఊరు పొమ్మంటే పోవడానికి ఇంకో ఊరు లేదు. ఇక ఎవరి జోలికీ పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ తర్వాత వైశాఖం. ఎండలు మండిపోతున్నాయి. నీళ్ళ కుండలకి గిరాకీ అప్పుడే కదా. ఊరు ఊరంతా రాత్రింబగళ్ళు కుండలు చేసి, పెద్ద ఆవం పేర్చింది. మొదటి వరసలో బైరాగి కొత్త బాన. ధాన్యం దాచుకునే బాన, రెండు వేళ్ళ మందం. మూతి లోపలివైపుకి తిప్పి, గడ్డి పరుపు మీద పక్కకి పడుకోబెట్టారు.

వాళ్ళకొక ఆచారం ఉంది. ఆవమంతా బురద మెత్తినా, మొదటి వరస బాన కడుపు మాత్రం చివరిదాకా మూయరు. సాయంత్రం ఊరిపెద్ద వచ్చి ఆ కడుపుకి పసుపు రాసి బొట్టు పెడతాడు. అప్పుడు నిప్పంటిస్తాడు. ఆ తర్వాతే దాన్ని కూడా కప్పేస్తారు.

మధ్యాహ్నం పేర్చడం సగంలో ఆపి అందరూ అన్నాలకి వెళ్ళారు. తిరిగొచ్చి మిగతాది పేర్చారు. సందుల్లో పిడకలు కూరారు, గడ్డి కప్పారు, బురద మెత్తారు. పొద్దు వాలింది. డప్పు మోగింది. ఊరంతా ఆవం చుట్టూ చేరింది.

వరాలమ్మ తన అరుగు మీదే కూర్చుంది. చూడకూడదు అనుకుంటూనే చూసింది. వాలుటెండ సరిగ్గా బాన కడుపు మీద పడింది. ఆరిన మట్టి తెల్లగా మెరుస్తోంది. కింది వైపున మాత్రం జానెడు మేర నల్లగా ఉంది.

"తడి" అంది వరాలమ్మ.

పక్కనున్న గవరమ్మ ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "కూర్చో. పేలనీ. ఒక్కసారి వాళ్ళకీ తెలియాలి."

"గట్టిగా అరిచి చెబుతాను, ముట్టుకోను" అని వరాలమ్మ లేచి, "బావగారూ! ఆ బాన తడిగా ఉంది!" అని అరిచింది.

బైరాగి ఇటు తిరగలేదు. "మళ్ళీ నోటితోనే పేల్చేస్తుందట" అన్నాడు. జనం నవ్వారు.

వరాలమ్మ కూర్చుంది. నిజంగానే కూర్చుంది. బైరాగి పసుపు రాయలేదింకా, కాగడా వెలిగించుకుంటున్నాడు. అప్పుడు ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ఫాల్గుణంలో ఆవం పేల్చింది నేనే అన్నారు. అప్పుడది అబద్ధం. ఇప్పుడు తెలిసి తెలిసి ఇక్కడ కూర్చుంటే అది నిజమైపోతుంది.

గవరమ్మ చెయ్యి విదిలించుకుని వరాలమ్మ పరుగెత్తింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, బైరాగి కాగడా కింద నుంచి దూరి, ఆ నల్లటి చోట తన ఎడమ చెంప ఆనించింది.

గుంపులోంచి ఒక్కసారిగా "హాఁ!" అని వినిపించింది. ముట్టుకుంది! ఊరు వదలాల్సిందే!

వరాలమ్మకి అవేమీ వినపడలేదు. తడి ఉంది. కానీ తడి కుండ చల్లగా తగలాలి కదా. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కటంటే ఒక్క తడి కుండ కూడా వెచ్చగా తగల్లేదు.

ఈ బాన వెచ్చగా ఉంది.

"ఆపండి!" అని వరాలమ్మ పెట్టిన కేకకి డప్పులవాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. "నిప్పు పెట్టకండి! ఇందులో ఏదో ప్రాణం ఉంది!"

"దీనికి మతి పోయింది, లాగెయ్యండి" అన్నాడు బైరాగి. అతని కొడుకు ఆవిడ జబ్బ పట్టి లాగాడు. ఆవిడ వదల్లేదు. తడిసిన చోట మట్టి మెత్తగా ఉంది. పది వేళ్ళూ అందులో గుచ్చి, శక్తంతా కూడదీసుకుని లాగింది. బైరాగి బాన కడుపు పెద్ద పెళ్ళగా ఊడి వచ్చింది.

ఆ కన్నంలోంచి ఒక పాదం బయటికి వచ్చింది.

చిన్న పాదం. వెండి పట్టీ ఉంది.

అంతే. బైరాగి చేతిలోంచి కాగడా జారి గడ్డి అంచున పడింది. గవరమ్మ పరుగున వచ్చి కాలితో తొక్కి ఆర్పకపోతే ఏమయ్యేదో. బైరాగి కొడుకు ఆవిడ జబ్బ వదిలేశాడు. ఆ పట్టీ అతనే చేయించాడు మరి.

ఆ తర్వాత అందరి చేతులూ ఒక్కసారి పడ్డాయి. మట్టి పెళ్ళలు ఊడదీశారు, గడ్డి లాగేశారు. లోపల ముడుచుకుని నిద్రపోతోంది పైడి. బైరాగి మనవరాలు. నాలుగేళ్ళది. మధ్యాహ్నం పిల్లలతో దాగుడుమూతలాడుతూ సగం పేర్చిన ఆవం సందులో దూరి, బానలోకి పాకి, గడ్డి మూతికి లాక్కుని, చల్లగా ఉందని నిద్రపోయింది. నిద్రలో ఉచ్చ పోసేసింది. ఆ తడే బయటికి నల్లగా ఊరింది. తల్లేమో పిల్ల నాన్నమ్మ దగ్గరుందనుకుంది. నాన్నమ్మేమో తల్లి దగ్గరుందనుకుంది.

పైడి కళ్ళు నులుముకుంది. చుట్టూ ఊరంతటినీ చూసింది. వరాలమ్మని చూసింది.

"అప్పుడే దొరికిపోయానా, చిన్నమామ్మా?" అంది.

తల్లి పిల్లని లాక్కుని ముందు వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తర్వాత గుండెలకి హత్తుకుని ఏడ్చింది. వరాలమ్మ అక్కడే కింద కూర్చుంది.

ఇక్కడితో అయిపోయింది అనుకుంటే పొరపాటు. సూరమ్మకి గొంతు పెగిలింది. మనవరాలు బతికి బయటపడింది. బయటికి తీసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. అప్పుడా సూరమ్మ ఏమందో విను.

"పిల్ల లోపలుందని నీకెలా తెలిసిందే? నువ్వే పెట్టావా?"

వరాలమ్మ తలెత్తి చూసింది. ఎన్ని మాటలు పడింది కాదు! దొంగతనం పడింది, నోటి దోషం పడింది. కానీ ఈ మాటకి మాత్రం ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది. గుంపులో ఒకళ్ళిద్దరు, అవును సుమీ, ఎలా తెలిసింది అని గొణిగారు కూడా.

అప్పుడు పైడి తల్లి భుజం మీంచి తల ఎత్తింది. "నేనే దూరాను. చాలాసేపు దాక్కున్నాను. నన్నెవరూ వెతకలేదేం?" అని అడిగింది.

సూరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బైరాగి మెల్లిగా వంగాడు. ఊడిపోయిన పెళ్ళ ఒకటి తీసుకున్నాడు. అంతవరకూ ఏ కుండనీ చెంపకి ఆనించి ఎరగని మనిషి, దాన్ని తన చెంపకి ఆనించుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. పెళ్ళ చల్లారేదాకా తియ్యలేదు.

ఊళ్ళోవాళ్ళు అతని ముఖంలోకి చూస్తున్నారు. కుండ ముట్టుకుంటే ఊరు వదలాలన్నది అతని తీర్పే కదా.

వరాలమ్మే ముందు లేచింది. చీరకంటిన మట్టి దులుపుకుంది. "ఊరు వదలమంటే రేపు వదులుతాను. ఈ ఆవం మాత్రం ఇవాళే విప్పండి. మిగతావి కూడా చూడాలి" అంది.

"ఇంత జరిగాక కూడానా?" అంది గవరమ్మ.

"జరిగింది జరిగింది. వాళ్ళు నన్ను ఏమన్నా అనుకోనీ. తడి కుండని చూసి ఆరింది అనడం నాకు చేతకాదు."

బైరాగి ముందుగా వెళ్ళి, మెత్తిన బురదని తన చేతులతో లాగడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అందరూ కలిశారు. వరాలమ్మ ఒక్కో కుండా చెంపకి ఆనించి చూసింది. రెండు చల్లగా తగిలాయి. రెండూ బైరాగివే. ఆవిడ గట్టిగానే చెప్పింది. అతను వచ్చి వాటిని తీసుకెళ్ళి పొద్దున్నే ఎండ తగిలే చోట పెట్టుకున్నాడు.

క్షమించమని అడిగాడా అంటే, అడగలేదు. బతికినన్నాళ్ళూ అడగలేదు. సూరమ్మ కూడా వీధిలో ఎదురుపడితే తల తిప్పుకుని పోయేది. అందరూ మారిపోతారని నీకు అబద్ధం చెప్పను. కానీ ఊరు వదలమన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. ఆ తర్వాతి ఆవంలో మొదటి వరస బాన పక్కన వరాలమ్మ మూతలు నలభై కాలాయి. అక్కడ పేర్చింది ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

పైడి పెద్దదయ్యాక ఎడమ చెంపతో కుండలు చూడటం నేర్చుకుంది. ఆ ఊళ్ళో ఆవానికి నిప్పు పెట్టే ముందు కుండలన్నీ చెంపకి ఆనించి చూస్తారు. ఆ తర్వాత పిల్లలందర్నీ పేరు పేరునా పిలుస్తారు. అందరూ పలికాకే కాగడా వెలిగిస్తారు.

ఏదీ, నీ చెంప ఇలా పెట్టు. ఊఁ, వెచ్చగానే ఉంది. ఇక కళ్ళు మూసుకో.

కాలిన కుండ కుదుటికి,
కథేమో కంచి గడపకి,
తల ఈ దిండు మీదికి,
నువ్వూ నేనూ నిద్దరకి.